అమీర్‌పేట కన్సల్టెన్సీ: అప్లికేషన్ల పనికి నాలుగు స్టార్లు, వెయిట్‌లిస్ట్ పనికి ఒక్కటి

మా అమ్మాయి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ కోసం అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేసింది. 2024 సెప్టెంబరు నుంచి 2025 జులై దాకా మైత్రీవనం దగ్గరున్న ఒక కన్సల్టెన్సీలో పని చేయించుకున్నాం. పేరు రాయడం లేదు. అక్కడ మా అమ్మాయి ఫైలు చూసిన కౌన్సెలర్ మంచి మనిషి, చిన్న వయసు, నా రివ్యూ వల్ల ఆమెకు ఇబ్బంది రాకూడదు. పైగా నేను చెప్పేది ఆ ఒక్క ఆఫీసు సంగతే కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ మెట్లెక్కే తల్లిదండ్రులందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

నా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రివ్యూ అంతా దాని మీదే నిలబడుతుంది. నేను సికింద్రాబాద్ రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో 34 ఏళ్లు పనిచేసి 2024లో రిటైర్ అయ్యాను. కాన్సర్ట్ అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్‌ను 1994లో దేశంలో మొట్టమొదట సికింద్రాబాద్‌లోనే పెట్టారు. అప్పుడు నేను ఆ కౌంటర్లోనే ఉన్నాను. వెయిటింగ్ లిస్టు అంటే ఏమిటో, దాని కోసం చూసే మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు మంచి సంగతులు. 8 అప్లికేషన్లకు 40,000 తీసుకున్నారు. ఆ పని బాగా చేశారు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ చదువు ఎందుకు కావాలో విద్యార్థి రాసే వ్యాసం, వాళ్లే రాసి ఇస్తారేమో అని భయపడ్డాను, అలా చేయలేదు. ఆ కౌన్సెలర్ మూడుసార్లు వెనక్కి పంపింది. "నీ ప్రాజెక్టులో పాలిమర్ ఎందుకు పగిలిపోయిందో రాశావు, మళ్లీ పగలకుండా నువ్వేం చేశావో రాయలేదు" అని అడిగింది. ఓయూ ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి ట్రాన్‌స్క్రిప్టులు ఎలా తెచ్చుకోవాలో, రికమెండేషన్ ఇచ్చే ప్రొఫెసర్లకు ఎన్ని రోజుల ముందు గుర్తు చేయాలో, ఏ డెడ్‌లైన్ ఏ టైమ్ జోన్‌లోదో అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది. ఒక్క డెడ్‌లైన్ కూడా తప్పలేదు. ఆ పనికి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, అప్లికేషన్లకు వాడిన మెయిల్ ఐడీ వాళ్లే తయారుచేశారు, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర కూడా ఉంది. అప్పుడు మేం పట్టించుకోలేదు. ఆ తప్పు మాది కూడా.

ఫలితాలు ఒక్కొక్కటే వచ్చాయి. మూడు చోట్ల కాదన్నారు. ఒక యూనివర్సిటీ పీహెచ్‌డీ బదులు ఎంఎస్‌లో సీటిస్తామంది, ఫండింగ్ లేకుండా. రెండు చోట్ల నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఉలుకూ పలుకూ లేదు. మార్చి 10న ఒక చిన్న యూనివర్సిటీ నుంచి టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో (డిగ్రీ పిల్లల ల్యాబ్‌లు చూసుకుంటే డబ్బిచ్చే ఫండింగ్) సహా పీహెచ్‌డీ ఆఫర్ వచ్చింది. అన్నిటికంటే మా అమ్మాయి కోరుకున్న యూనివర్సిటీ మాత్రం అంతకు ముందే, ఫిబ్రవరి 27న, రెండు లైన్ల మెయిల్ పంపింది. మీ పేరు వెయిట్‌లిస్ట్‌లో ఉంది, చోటు దొరికితే తెలియజేస్తాం. అంతే. నంబరు లేదు, తేదీ లేదు, ఎంతమంది ఉన్నారో లేదు.

ఆ మెయిల్ చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మా కౌంటర్లో వెయిటింగ్ టికెట్ కొన్నవాడికి 10 అంకెల పీఎన్ఆర్ ఉంటుంది. కొన్న రోజు ఎక్కడున్నాడో, ఇవాళ ఎక్కడున్నాడో రెండు నంబర్లు కనిపిస్తాయి. నేనున్నప్పుడు బండి కదలడానికి 4 గంటల ముందు చార్ట్ పడేది, అప్పటికి తేలిపోయేది. స్లీపర్ క్లాసులో వరంగల్ పోయే మనిషికి ఉన్న హక్కు, ఐదేళ్ల జీవితం పెట్టే పిల్లకు లేదా అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు కన్సల్టెన్సీకి వెళ్లాం. ఈసారి ఆ కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టలేదు. మూడో అంతస్తులో అద్దాల గదిలో మేనేజర్ దగ్గరికి పంపారు.

"లిస్టులో మా అమ్మాయి నంబరు ఎంతండీ?" అని అడిగాను.

"టాప్‌లోనే ఉంది సార్, టెన్షన్ పడకండి."

"టాప్ అంటే ఎంత? మీకు ఎవరు చెప్పారు?"

"మాకు లోపల కాంటాక్ట్స్ ఉంటాయి సార్. వెయిట్‌లిస్ట్ ప్యాకేజీ తీసుకోండి, పేరు పైకి కదులుతుంది. 18,000."

నాకు ఇష్టం లేదు. కౌంటర్ బయట దళారులు సరిగ్గా ఇవే మాటలు చెప్పేవాళ్లు. అయితే మా ఆవిడ మెట్లు దిగుతూ ఒక మాట అంది: "ఈ డబ్బు దగ్గర వెనకాడి, రేపు సీటు రాకపోతే నువ్వూ నేనూ తట్టుకుంటామా?" దానికి నా దగ్గర జవాబు లేదు. కట్టాం. రసీదులో వెయిట్‌లిస్ట్ అన్న మాటే లేదు, 'ప్రీమియం గైడెన్స్' అని ఉంది. అలా ఎందుకు రాశారని అడిగితే, సిస్టమ్‌లో హెడ్ అదే సార్ అన్నారు.

రెండు వారాల తర్వాత మా అమ్మాయి ఏదో వెతుకుతూ వాళ్లు తయారుచేసిన ఆ మెయిల్ ఐడీలో పంపినవాటి ఫోల్డర్ తెరిచింది. మార్చి 14న తన పేరుతో రెండు ఉత్తరాలు వెళ్లి ఉన్నాయి. ఒకటి వెయిట్‌లిస్ట్ యూనివర్సిటీకి, రెండోది అప్పటికింకా జవాబివ్వని మరో యూనివర్సిటీకి. రెండింటిలోనూ అవే వాక్యాలు: మీ డిపార్ట్‌మెంటే నా మొదటి ఎంపిక, సీటిస్తే తప్పకుండా చేరతాను. కింద తన సంతకం. తనకు చూపించనూ లేదు, అడగనూ లేదు. అదే ఆఫీసులో పరిచయమైన ఒక కుర్రాడికి ఫోన్ చేసింది. అతని పేరు మీద వెళ్లిన ఉత్తరం చదివి వినిపించాడు. సబ్జెక్టు పేరు తప్ప మిగతాదంతా ఒకటే.

పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. "నేను అబద్ధం ఆడినట్టే కదా నాన్నా, ఇద్దరికీ మొదటి ఎంపిక మీరే అన్నాను" అంది. 18,000 పోయిందన్న బాధ కంటే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. ఒక సీటు కోసం వంద మంది రాసే ఉత్తరాల్లో నిజంగా ఇష్టపడి రాసేవాళ్లుంటారు. అందరి పేరు మీదా ఒకటే ఉత్తరం పోతుంటే చదివే ప్రొఫెసర్ ఎవరిని నమ్మాలి? హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ అనుమానంగా చూస్తే తప్పు ఆయనదా?

వెంటనే పాస్‌వర్డ్ మార్చింది. ఆ రాత్రే కూర్చుని వెయిట్‌లిస్ట్ యూనివర్సిటీలో అడ్మిషన్లు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు తనే మెయిల్ రాసింది. ముందు వచ్చిన ఉత్తరం ఒక ఏజెన్సీ నాకు చూపించకుండా పంపింది, క్షమించండి అని మొదలుపెట్టింది. మీ డిపార్ట్‌మెంట్ మీద ఇష్టం నిజమే, కానీ నా దగ్గర ఫండింగ్‌తో ఇంకో ఆఫర్ ఉంది, దానికి ఏప్రిల్ 15లోపు జవాబివ్వాలి అని ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగింది. మీ వెయిట్‌లిస్ట్‌లో వరస నంబర్లు ఉన్నాయా? ఉంటే నాది ఎంత? గత ఏడాది ఆ లిస్టు నుంచి ఎంతమందిని తీసుకున్నారు? చోటు వస్తే ఫండింగ్‌తో వస్తుందా, లేకుండానా? లిస్టు ఎప్పుడు మూసేస్తారు?

మర్నాడు సాయంత్రం 7:40కి జవాబు వచ్చింది, అక్కడ ఉదయం పదీ పది. లిస్టుకు మొత్తం మీద ఒకే వరస లేదని, ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, మెటీరియల్స్ అని విభాగాలవారీగా చూస్తామని రాశారు. మెటీరియల్స్‌లో మా అమ్మాయితో కలిపి ముగ్గురు ఉన్నారు. ఆ విభాగంలో ఆఫర్ ఇచ్చినవాళ్లలో ఎవరైనా వద్దంటేనే వీళ్లను పిలుస్తారు. గత ఏడాది ఆ విభాగం నుంచి ఎవరినీ పిలవలేదు. పిలిస్తే ఫండింగ్‌తోనే. ఏప్రిల్ 18 లోపు అందరికీ ఏదో ఒకటి చెప్పేస్తాం. ఇంకో వాక్యం కూడా ఉంది: నేరుగా అడిగినందుకు థ్యాంక్స్.

ఈ సమాచారానికి అయిన ఖర్చు సున్నా.

విభాగాలవారీ అన్న మాట మా అమ్మాయికి అర్థం కాలేదు, నాకు వెంటనే అర్థమైంది. రైల్వేలో జనరల్ వెయిటింగ్ లిస్టు వేరు, మధ్య స్టేషన్లకు ఇచ్చే పూల్డ్ కోటా లిస్టు వేరు. జనరల్‌లో 40వ నంబరువాడికి బెర్తు దొరికిన రోజున పూల్డ్ కోటాలో 3వ నంబరువాడు దిగిపోవడం నేను వందలసార్లు చూశాను. నంబరు చిన్నదా పెద్దదా అన్నది కాదు, ఏ లిస్టులో ఉన్నావు, ఆ లిస్టుకు ఎన్ని బెర్తులు కేటాయించారు అన్నది ముఖ్యం. పీహెచ్‌డీలోనూ అంతే. ఎంతమంది టీచింగ్ అసిస్టెంట్లు కావాలో డిగ్రీ పిల్లల ల్యాబ్ సెక్షన్లను బట్టి ఉంటుంది. ఏ ప్రొఫెసర్‌కు ఏ గ్రాంటు ఉందో దాన్ని బట్టి ఆ విభాగంలో చోట్లు ఉంటాయి. కాబట్టి మొత్తం మీద ఒక నంబరు ఇవ్వలేకపోవడంలో మోసం లేదు. ఆ సంగతి ఫిబ్రవరి 27 మెయిల్‌లోనే నాలుగు లైన్లలో రాసి ఉంటే మేం ఆ అద్దాల గదిలో అడుగు పెట్టేవాళ్లమే కాదు. అక్కడ నాకు యూనివర్సిటీల మీద కూడా కోపం ఉంది. వాళ్లు చెప్పకుండా వదిలేసిన ఖాళీలోనే ఇక్కడ ప్యాకేజీలు పుడుతున్నాయి.

బీటెక్, బీఎస్సీ లాంటి డిగ్రీ చదువుల విషయంలో అమెరికాలో వెయిట్‌లిస్ట్ లెక్కలు చెప్పే పద్ధతి ఉంది. కామన్ డేటా సెట్ అని చాలా యూనివర్సిటీలు ఏటా ఒకే నమూనాలో లెక్కలు బయటపెడతాయి. వెయిట్‌లిస్ట్‌లో ఎంతమందిని పెట్టారు, ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు, లిస్టుకు వరస ఉందా లేదా అన్న ప్రశ్నలు అందులోనే ఉంటాయి. ఎంఎస్, పీహెచ్‌డీలు నడిపే గ్రాడ్యుయేట్ స్కూల్‌కు ఆ భాగం వర్తించదు. డిపార్ట్‌మెంట్ ఇష్టపడి చెబితే చెప్పినట్టు, లేకపోతే లేదు. వెయిట్‌లిస్ట్‌లో ఎందుకు పెట్టారో కమిటీ రాసుకున్నది చూపించమని అడిగే దారి కూడా లేదు. విద్యార్థుల రికార్డుల మీద హక్కునిచ్చే ఫెర్పా అనే చట్టం అక్కడ చేరి చదివినవాళ్లకే, అప్లై చేసి ఆగిపోయినవాళ్లకు కాదు. మన దగ్గర ఎంటెక్‌కు ఎన్ఐటీల సీట్లు నింపే సీసీఎంటీలో రౌండు రౌండుకూ ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు బయటపెడతారు. ఐఐటీల కోసం ఉన్న కోప్ పోర్టల్‌లో ఆఫర్ ఉంచుకుని ఇంకో రౌండు ఆగడానికి పద్ధతి ఉంది. ర్యాంకు మీద నడిచే పని కాబట్టి అది సులువు, ప్రొఫెసర్ చూసి ఎంచుకునే పీహెచ్‌డీలో అచ్చంగా అలా కుదరదు, ఒప్పుకుంటాను. కానీ మా అమ్మాయి అడిగిన నాలుగు ప్రశ్నలకు ర్యాంకులతో పనేముంది?

2025 మామూలు ఏడాది కాదన్నది కూడా చెప్పాలి. ఫెడరల్ రీసెర్చ్ నిధులు ఉంటాయో పోతాయో తెలియక చాలా చోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గించారు. మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అయితే ఇచ్చిన ఆఫర్లే మార్చిలో వెనక్కి తీసుకుంది. ఎన్ని చోట్లు ఉంటాయో డిపార్ట్‌మెంటుకే తెలియని రోజుల్లో పిల్లలకు నంబరు ఎలా చెబుతారు? మాకూ తెలియదు అని వాళ్లు చెప్పినా సరిపోయేది. మౌనమే భరించలేం.

ఇక ఏప్రిల్ 15 సంగతి. కన్సల్టెన్సీ మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. మార్చి మూడో వారంలో మేనేజర్ ఫోన్ చేసి, ఎంఎస్ సీటుకు 500 డాలర్లు మార్చి 31లోపు కట్టేయండి, ఆ పీహెచ్‌డీ ఆఫర్ కూడా ఎప్పుడైనా పోవచ్చు అన్నారు. నేను కంగారుపడి కట్టబోయాను. మా అమ్మాయి ఆపింది. ఇద్దరం కూర్చుని వెతికాం. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంస్థ ఉంది. దాని ఏప్రిల్ 15 తీర్మానం ప్రకారం, ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్‌కు విద్యార్థి ఏప్రిల్ 15 దాకా జవాబివ్వనవసరం లేదు, అంతకు ముందే ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. సంతకం చేసిన యూనివర్సిటీల జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. మాకు ఆఫరిచ్చిన చిన్న యూనివర్సిటీ అందులో ఉంది. అయితే ఆ తీర్మానం ఫండింగ్ ఉన్న ఆఫర్లకే. డబ్బు మనమే కట్టుకునే ఎంఎస్ సీటుకు వర్తించదు, అక్కడ ఆ యూనివర్సిటీ పెట్టిన గడువే గడువు. అంటే మేనేజర్ రెండు వేర్వేరు రూల్స్‌ను ఒక్క వాక్యంలో కలిపేసి మమ్మల్ని భయపెట్టారు.

ఎంఎస్ వైపు ఎందుకు తోస్తున్నారో తర్వాత అర్థమైంది. విద్యార్థుల్ని చేర్పించినందుకు తలకింతని కమిషన్ ఇవ్వడాన్ని అమెరికా చట్టం 1992 నుంచి నిషేధించింది, కానీ ఫెడరల్ సాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థులకు మినహాయింపు ఉంది. కాబట్టి మన పిల్లల విషయంలో కమిషన్ తీసుకోవడం నేరం కాదు. మేం నేరుగా అడిగాం: "ఈ యూనివర్సిటీ నుంచి మీకు కమిషన్ వస్తుందా?" కాసేపు అటూ ఇటూ తిప్పి, వస్తుందన్నారు. మొదటి రోజే చెప్పి ఉంటే మేం వేరుగా వినేవాళ్లం.

అక్కడే ఇంకో మాట విన్నాను. పక్క టేబుల్ దగ్గర ఒక కుర్రాడికి మూడు ఫండింగ్ ఆఫర్లు ఉన్నాయి. అన్నీ ఏప్రిల్ 15 అర్ధరాత్రి దాకా పట్టుకో అని చెబుతున్నారు. ఎక్కడికి వెళ్లాలో అతను అప్పటికే తేల్చుకున్నాడు. మిగతా రెండూ ఎందుకు పట్టుకోవాలి? నాకు కౌంటర్ గుర్తొచ్చింది. ప్రయాణం మానుకున్నవాడు ముందు రోజే క్యాన్సిల్ చేస్తే ఆర్ఏసీలో సగం సీటు మీద కూర్చునేవాడికి బెర్తు వస్తుంది. చార్ట్ పడ్డాక చేస్తే లిస్టులో ఉన్నవాడికి ఆ బెర్తు ఉపయోగపడేది తక్కువ. ఆ కుర్రాడిని తప్పు పట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఫీజు తీసుకుని దానికి విరుద్ధంగా చెప్పారు.

ఏప్రిల్ 9న మా అమ్మాయి చిన్న యూనివర్సిటీకే వెళ్తానంది. అక్కడి ప్రొఫెసర్‌తో రెండుసార్లు వీడియోలో మాట్లాడింది, ఆయన ల్యాబ్ నచ్చింది. నేను ఆరు రోజులు ఆగమన్నాను. "చార్ట్ పడనీ బిడ్డా" అన్నాను. అలవాటు అలాంటిది. "ముగ్గురిలో నేనొకదాన్ని నాన్నా. నా పేరు తీసేస్తే ఇద్దరే మిగులుతారు" అంది. ఆ రాత్రి ఒక మెయిల్‌లో ఆఫర్ ఒప్పుకుంది, ఇంకో మెయిల్‌లో వెయిట్‌లిస్ట్ నుంచి తప్పుకుంది. నాకు మనసులో కొంచెం వెలితి ఇంకా ఉంది, దాచుకోను. ఆ ఆరు రోజుల్లో ఏమయ్యేదో అన్న ఆలోచన వస్తూనే ఉంటుంది.

తొందరగా ఒప్పుకోవడం వల్ల వీసాకు కావాల్సిన యూనివర్సిటీ పత్రం ఐ-20 ఏప్రిల్‌లోనే వచ్చింది, వీసా స్లాట్ ముందే దొరికింది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో వేలిముద్రలు, నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ, రెండూ మే మూడో వారానికి అయిపోయాయి. మే చివర్లో కొత్త స్టూడెంట్ వీసా అపాయింట్‌మెంట్లు కొన్ని వారాలు ఆపేశారు. మాతో పాటు అప్లై చేసి ఇంకా ఆగి ఉన్న ఒకరిద్దరు ఆ రోజుల్లో పడ్డ బాధ చూశాను. వీసా మాక్ ఇంటర్వ్యూ ఆ కౌన్సెలరే చేసింది, బాగా చేసింది.

జులైలో 18,000 వెనక్కి అడగడానికి వెళ్లాను. సర్వీస్ ఇచ్చేశాం కదా సార్ అన్నారు. ఏం సర్వీస్ అని అడిగితే ఆ రెండు ఉత్తరాలే చూపించారు. మా దగ్గర వెయిటింగ్ టికెట్ కన్ఫర్మ్ కాకపోతే మనిషికి 60 రూపాయలు క్లరికల్ ఛార్జీ పట్టుకుని మిగతాదంతా ఇచ్చేస్తాం, నా చేతులతోనే లక్షల టికెట్లకు ఇచ్చాను అని చెప్పాను. చివరికి బంధువుల్లో ఎవరైనా చేరితే 5,000 తగ్గిస్తామన్నారు. తీసుకోలేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. ఇది రాసే రోజుకు జవాబు రాలేదు.

కిందికి వస్తుంటే రిసెప్షన్‌లో ఒకావిడ కొడుకుతో కూర్చుని ఉంది. చేతిలో బ్యాంకు కవరు. ఎన్ని యూనివర్సిటీలు అని అడిగితే పది అంది, కరీంనగర్ నుంచి పొద్దున బస్సులో వచ్చారట. మెయిల్ ఐడీ మీరే పెట్టుకోండమ్మా, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి అని చెప్పాను. తర్వాత వాళ్ల బ్రోచర్ వెనకే ఆ నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. కుర్రాడు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.